మాత్ర మీది అక్షరం

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. మధ్యలో కంటి శుక్లానికి శస్త్రచికిత్స జరిగింది. కొత్త చూపు వచ్చిన తరువాత నేను మొట్టమొదట శ్రద్ధగా చదివినది ఏ కావ్యమో కాదు, ప్రతి ఉదయం వేసుకొనే రక్తపోటు మాత్రను. దాని మీద అక్షరాలున్నాయి! ఒక వైపు రెండు ఆంగ్లాక్షరాలు, రెండవ వైపు నడిమికి ఒక గీత. పదేళ్ళుగా మింగుతున్నాను గాని ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

పండిత శిక్షణ పొందినవాడికి మాత్ర అనగానే ముందు గుర్తుకు వచ్చేది మందు కాదు, ఛందస్సు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు, పొల్లు హల్లుకు అర. మాత్ర అంటే కొలత. వైద్యుడు ఇచ్చే కొలత కూడా మాత్రే అయింది. మందు పేరులోనే కొలత ఉన్నదని ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పిన నేను అరవై దాటిన తరువాత, అదీ ఒక శిష్యుని మూలంగా, గ్రహించవలసి వచ్చింది. ఈ టపాలో సగం ఆ శిష్యుడు చూపించినది, సగం ఆ తరువాత నేను పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్నది.

ఆ శిష్యుడు దేవరకొండ వైపు నేను పనిచేసిన ఒక ఊరి కమ్మరి ఇంటి పిల్లవాడు. పేరు రాయను, అతను వద్దన్నాడు. ఇప్పుడు నలభై ఆరేళ్ళవాడు. జీడిమెట్ల వైపు ఒక చిన్న టూల్‌రూములో సీఎన్సీ యంత్రం మీద పని. మందుల కర్మాగారాలకు కావలసిన లోహపు భాగాలు చేస్తాడు. మొన్న కన్ను చూసిపోదామని వచ్చి, నేను మాత్రను వెలుతురుకు పట్టి చూస్తుంటే నవ్వి, "సార్, గా అక్షరాలు ఎట్ల వడ్తయో చూద్దురుగాని, ఒకనాడు రాండ్రి" అన్నాడు. వెళ్ళాను.

అక్కడ చూసినది చెప్పేముందు మాత్ర కథ కొంత చెప్పాలి. మా చిన్నతనంలో ఊరి వైద్యుడు కల్వంలో నూరిన ముద్దను బొటనవేలు, చూపుడువేలు నడుమ ఉండ చేసి నీడన ఆరబెట్టేవాడు. ఉండ ఎంత అన్నది ఆయన వేలికి తెలుసు. శనగగింజంత, కందిగింజంత అని చెప్పేవాడు. ఈ పద్ధతి మనదే కాదు, ఐరోపా అంతటా అదే. దాన్ని మార్చినవాడు వైద్యుడు కాదు, చిత్రకారుడు. విలియం బ్రాకెడన్ అని ఇంగ్లండులో ఒక గడియారాలవాని కొడుకు. బొమ్మలు గీయడానికి మంచి పెన్సిలు దొరకక, నల్లసీసపు పొడిని అచ్చులో పెట్టి గట్టిగా అదిమితే గట్టి కడ్డీ అవుతుందని కనిపెట్టాడు. అదే యుక్తి మందు పొడికీ పనికివస్తుందని 1843లో పేటెంటు తీసుకొన్నాడు. పలకా బలపంతో బతికిన మాబోటివాళ్ళకు ఇది కొంచెం గర్వంగానే ఉంటుంది, మాత్ర పుట్టినది పెన్సిలు పక్కనే. ఇంకొక ముచ్చట. 1884లో బరోస్ వెల్కం అనే మందుల కంపెనీ తన అదిమిన మాత్రలకు 'టాబ్లాయిడ్' అని పేరు రిజిస్టరు చేసుకొన్నది. చిన్నదిగా అదిమిన వస్తువు అన్న అర్థంలో ఆ మాట పాకి పాకి చిన్న పత్రికలకు అంటుకొన్నది. మనం టాబ్లాయిడు అని ఈసడించేది నిజానికి మందు బిళ్ళనే.

ఆ మాత్ర మా మెట్ట ప్రాంతానికి ఎలా వచ్చింది? అందరికీ తెలిసిన దారే గనుక త్వరగా దాటిపోతాను. సోవియట్ సహాయంతో 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ హైదరాబాదు బాలానగర్‌లో సంశ్లేషిత ఔషధాల కర్మాగారం పెట్టింది. అక్కడ పనిచేసి బయటికి వచ్చినవారిలో కల్లం అంజిరెడ్డి ఒకరు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1981లో మొదలైన నాట్కో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో మాత్రల కర్మాగారం కట్టింది. 1995లో దివీస్ నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో తన మొదటి కర్మాగారాన్ని నడిపింది, అక్కడ చేసేది మాత్ర కాదు, మాత్రలోకి పోయే ముడి మందు. తరువాత జడ్చర్ల పక్క పోలేపల్లిలో ఔషధాల ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చింది, అరబిందో, హెటిరో వంటివారు అక్కడ ఉన్నారు. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు కొత్తూరు రంగారెడ్డిలోకి, చౌటుప్పల్ యాదాద్రి భువనగిరిలోకి పోయాయి. జడ్చర్ల మాత్రం పాలమూరులోనే మిగిలింది. అన్నిటికీ మూలమైన ఐడీపీఎల్‌ను మూసివేయాలని కేంద్రం 2016 డిసెంబరులో నిర్ణయించింది. చౌరస్తా పేరుగా మాత్రం అది ఇంకా బతికే ఉన్నది.

పోలేపల్లి పేరు రాసి ఊరకే దాటిపోవడం న్యాయం కాదు. దాదాపు వేయి ఎకరాల భూమి, అందులో ఎక్కువ భాగం చిన్న రైతులది, చాలామంది దళితులు, గిరిజనులు. వచ్చిన పరిహారం ఆ భూమి వెలకు ఏమాత్రం చాలదని వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు, ఎన్నికల్లో స్వతంత్రులుగా కూడా నిలబడ్డారు. ఇటు చూస్తే, 2012 మార్చిలో భారతదేశపు మొట్టమొదటి నిర్బంధ లైసెన్సు నాట్కోకే వచ్చింది. నెలకు 2,80,000 రూపాయలకు పైబడిన కాన్సరు మందు 120 మాత్రలు 8,880 రూపాయలకు దిగాయి. ఈ రెండూ మా మెట్ట నేల మీద జరిగినవే. ఒకదానితో ఒకటి చెల్లు వేయడం నాకు చేతకాదు.

ఇప్పుడు అసలు సంగతి. మాత్ర అక్కడ తయారవుతుంది సరే. ఆ మాత్రకు రూపం ఇచ్చే ఉక్కు ఎవరు చేస్తున్నారు?

మాత్రల యంత్రంలో మూడు ముక్కలు ప్రధానం. నడుమ రంధ్రమున్న డై. దానిలోకి కింది నుండి ఒక పంచ్, పై నుండి ఒక పంచ్. కింది పంచ్ కొంత దిగితే ఏర్పడిన గుంతలోకి పొడి నిండుతుంది, పై పంచ్ దిగి అదుముతుంది, కింది పంచ్ మళ్ళీ లేచి మాత్రను బయటికి నెడుతుంది. ఇలాంటి జతలు నలభై, యాభై ఒక గుండ్రని బల్ల చుట్టూ అమర్చి గిరగిర తిప్పుతారు. గంటకు లక్షల మాత్రలు. పంచ్ కాండం సుమారు 19 మిల్లీమీటర్లుంటే 'బి' రకం, 25 దాటితే 'డి' రకం. ఎక్కడి పంచ్ ఎక్కడి యంత్రంలోనైనా ఇమడాలని అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఏర్పడ్డాయి.

ఇక్కడే కొలత సంగతి వస్తుంది. యంత్రం పొడిని తూచి పోయదు. గుంత లోతే తూనిక. నలభై కింది పంచ్‌లలో ఒకటి రవ్వంత పొట్టిదైతే దాని గుంతలో పొడి రవ్వంత ఎక్కువ పడుతుంది, ఆ మాత్రలో మందు ఎక్కువ. పొడుగైతే తక్కువ. కాబట్టి జతలోని పంచ్‌లన్నిటి పని పొడవు ఒక మిల్లీమీటరులో నలభయ్యో వంతుకు అటూ ఇటూ కాకుండా ఉండాలంటారు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, ఇది 25. అంటే వెంట్రుకలో మూడోవంతు. వైయాకరణులు అర మాత్ర కలిసివస్తే కొడుకు పుట్టినంత సంబరపడతారని మా గురువుగారు పరిహాసమాడేవారు. ఈ పనివాళ్ళు అంతకంటె పిసినారులు!

పంచ్‌కు మనం ఏమనాలి? అచ్చు అనే అనాలి. తెలుగులో ఈ మాటకున్న సంతానం ఇంతా అంతా కాదు. వ్యాకరణంలో స్వరం అచ్చు (అది సంస్కృతపు అచ్, ఇంటిపేరు ఒకటే గాని వంశం వేరు). బెల్లానికి అచ్చు, ఇటుకకు అచ్చు. మగ్గం మీద పడుగు దారాలు దూరే పలుదువ్వెన అచ్చు. వాత వేసి వదిలిన ఎద్దు అచ్చోసిన ఆంబోతు. ఆపైన పుస్తకం అచ్చు. ఈ చివరిదానికీ మాత్రకూ ఉన్న చుట్టరికం నేను టూల్‌రూములో చూసేదాకా ఊహించలేదు.

సీసపు అక్షరాల కాలంలో అక్షరం ఎలా పుట్టేదో చెప్పనివ్వండి. ముందు గట్టి ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి, ఉబ్బెత్తుగా, ఆకురాయితో, ఉలితో చెక్కేవారు. దాని పేరు కూడా పంచే! దాన్ని రాగి ముక్క మీద మోదితే రాగిలో అక్షరం సరిగా, గుంతగా పడేది. అది మాతృక. మాతృకలో సీసం పోస్తే మళ్ళీ తిరగబడ్డ ఉబ్బెత్తు అక్షరం. కాగితం మీద అది సరిగా పడేది. షబ్నవీసు వేంకటరామ నరసింహారావు గారు 1922లో నల్లగొండ నుండి నడిపిన నీలగిరి పత్రిక గాని, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి 1926 నాటి గోలకొండ పత్రిక గాని ఇలాంటి సీసపు అక్షరాలను కూర్చి వేసినవే. నేను కూడా కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నల్లగొండలో ఒక ప్రెస్సులో సాయంత్రాలు ప్రూఫులు దిద్దేవాణ్ణి. కంపోజిటరు అద్దంలో చూసినట్లు తిరగేసి చదవడం చూస్తే నాకు అబ్బురంగా ఉండేది.

నా శిష్యుడు నా చేతిలో పెట్టినది ఒక రాగి ముక్క. కొసన సన్నని అక్షరాలు, గుంతగా, సరిగా చదవడానికి వీలుగా ఉన్నాయి. గట్టిపరచిన ఉక్కును చెక్కడం కష్టం. అందుచేత మెత్తని రాగిని యంత్రం మీద చెక్కి, దాన్ని పంచ్ కొసకు దగ్గరగా పట్టి, రెంటి మధ్య నూనెలో విద్యుత్తు రవ్వలు పుట్టిస్తారు. రవ్వలు ఉక్కును కొద్దికొద్దిగా తినివేస్తాయి. రాగిలో గుంత ఉన్నచోట ఉక్కు మిగిలి, పంచ్ మీద తిరగబడ్డ ఉబ్బెత్తు అక్షరం ఏర్పడుతుంది. పంచ్ పొడిని అదిమినప్పుడు మాత్ర మీద అక్షరం సరిగా దిగుతుంది. రాగి, ఉక్కు, మాత్ర. అంటే మన మాతృకే! ఆ ముక్కను పట్టుకొని ఇది మాతృక అని నేను అంటే అతను, "మేం ఎలక్ట్రోడ్ అంటం సార్" అన్నాడు.

అసలు మాత్ర మీద అక్షరాలెందుకు? అందం కోసం కాదు. అమెరికాలో నోటితో మింగే ప్రతి మాత్ర మీద, గొట్టం మీద తయారీదారునీ మందునీ గుర్తుపట్టే సంకేతం ఉండాలని 1995 నుండి నియమం అమలులో ఉన్నది. బిడ్డ ఏదో మింగితే, మిగిలిన మాత్రను చూసి వైద్యుడు అది ఏమిటో చెప్పగలగాలి. మన దగ్గర అదిమిన మాత్ర అక్కడికి పోవాలంటే ముందు దాని ముఖాన అక్షరం పడాలి.

యంత్రం సంగతికి వస్తాను. పూర్వం ఈ చెక్కడాలన్నీ చేతితోనే. లేదా పెద్ద నమూనా మీద పుల్ల ఆడిస్తే చిన్నదిగా చెక్కే పాంటోగ్రాఫుతో. హెలికాప్టరు రెక్కల వంపు చేతికి లొంగక, అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ పార్సన్స్ ఆ వంపును అంకెలుగా విడగొట్టి యంత్రానికి చెప్పాలనుకొన్నాడు. 1949లో అక్కడి వాయుసేన డబ్బుతో పని మొదలైంది, 1952లో ఎంఐటీలో మొట్టమొదటి యంత్రాన్ని చూపించారు. కాగితపు పట్టీ మీద చిల్లులే దానికి అంకెలు. 1950ల చివరికి అమెరికాలోనే మిల్వాకీ-మాటిక్ అనే యంత్రం వచ్చింది. తొలవడం, చెక్కడం, మరలు కోయడం అన్నీ ఒక్కచోటే చేసి, పనిముట్లను తానే మార్చుకొనేది. దాన్నే మెషినింగ్ సెంటర్ అన్నారు. 1970లలో చిల్లుల పట్టీ స్థానంలో కంప్యూటరు చేరి సీఎన్సీ అయింది.

చిల్లులతో యంత్రానికి చెప్పడం మాత్రం అంతకుముందే జాకార్డు మగ్గం చేసింది. నేతన్నలకు ఇది కొత్త కాదు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట, మా రెండు పాత జిల్లాలూ నేత జిల్లాలే. చిటికి పనిలో గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మను దారానికి ముడులుగా లెక్కగట్టడం ఏ ప్రోగ్రాముకు తీసిపోతుంది? ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆరో తరగతితో చదువు ఆపినవాడు, తల్లి లక్ష్మి ఒక్క చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించి ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడడం చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు. తరువాతి రూపాల్లో దానికి ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా జిల్లా చరిత్రలో చేతి లెక్కను యంత్రానికి అప్పగించిన మనిషి అంటే నాకు ముందు ఆయనే గుర్తుకు వస్తాడు. కోనసముద్రం ఉక్కు, డమాస్కసు కత్తులు అని ఎవరైనా వ్యాఖ్య రాస్తారేమో. అది నిజామాబాదు వైపు సంగతి, పైగా అందరూ రాసినదే.

హైదరాబాదులో ఈ విద్య నిలదొక్కుకోవడానికి కారణాలున్నాయి. నిజాం కాలంలోనే 1942లో ఆల్విన్, 1943లో సికిందరాబాదులో ప్రాగా టూల్స్ వచ్చాయి. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వెలసింది, దాన్నే సీఐటీడీ అంటారు. పదో తరగతి పాసైన పిల్లలకు అచ్చులూ డైలూ చేసే డిప్లొమా అక్కడ నేర్పుతారు. మందులు నేర్పిన ఐడీపీఎల్, అచ్చులు నేర్పిన సీఐటీడీ ఒకే బాలానగర్‌లో ఉండడం వల్ల చుట్టుపక్కల సందుల్లో వందల చిన్న షెడ్లు మొలిచాయి. మాత్రల యంత్రాలకు అహమ్మదాబాదు పెట్టింది పేరు. కాని యంత్రం ఎక్కడిదైనా, కొత్త మాత్ర వచ్చినప్పుడల్లా మార్చవలసిన భాగాలు దగ్గరలోనే దొరకాలి గదా. వాటిని ఛేంజ్ పార్టులంటారు. నా శిష్యుని షెడ్డుకు తిండి పెట్టేది అవే.

షెడ్డు మా బడిలో రెండు గదులంత. రెండు వీఎంసీలు, ఒక లేతు, ఒక గ్రైండింగు యంత్రం. వీఎంసీ అంటే నిలువు మెషినింగ్ సెంటర్. అద్దాల పెట్టె లోపల తెల్లని ద్రవం ధారగా పడుతుంటే పక్కనే చక్రంలో ఇరవై పైగా పనిముట్లు వంతు కోసం వేచి ఉంటాయి. పిలిచినది వచ్చి బిగుసుకొంటుంది, పని కాగానే వెళ్ళి తన చోట కూర్చుంటుంది. ఆ రోజు చేస్తున్నది బ్లిస్టరు పట్టీల యంత్రానికి అల్యూమినియం పలక. వేడిచేసిన ప్లాస్టిక్కు పొర ఈ పలక గుంతల్లోకి సాగి మాత్రకు గూడు అవుతుంది. గుంత అంచు గరుకుగా ఉంటే పొర అక్కడ పలచబడుతుంది, తేమ దూరుతుంది, మందు పాడవుతుంది. మందు నేరుగా తాకే భాగాలను 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసి అద్దంలా నునుపు చేస్తారు. గీత ఉంటే అందులో నిన్నటి మందు దాక్కొని నేటి మందులో కలుస్తుందట. వంటింట్లో చింతపండు గిన్నెకు, పాల గిన్నెకు మా ఇంటావిడ పాటించే మడికి ఇంత చక్కని కారణం ఎవరూ చెప్పలేదు.

తెర మీద వరుసగా పాకుతున్న అక్షరాలను చూసి ఇదేమి భాష అన్నాను. జీ00 అంటే వేగంగా పరుగు. జీ01 అంటే తిన్నగా కోత. జీ02, జీ03 కుడి ఎడమ వంపులు. ఎం03 అంటే తిరుగు, ఎం08 అంటే నీళ్ళు విడువు, ఎం30 అంటే సమాప్తం. యమాతారాజభానసలగం అని ఎనిమిది గణాలను ఒక్క ఊపిరిలో ఇమిడ్చిన మనకు ఇది పరాయి భాష అనిపించదు. సూత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు, విభక్తులు లేవు, సంధులు లేవు. "మరి తప్పు రాస్తే?" అన్నాను. అతను పక్క బల్ల సొరుగులోంచి ఒక అల్యూమినియం పలకను తీశాడు. దాని మీద అడ్డంగా ఒక లోతైన గాయం.

పని నేర్చిన కొత్తలో, వేరే షెడ్డులో జరిగిందట. పనిముట్టును 50 మిల్లీమీటర్లు పైకి లేపి పక్కకు తీసుకుపొమ్మని రాయాలి. జెడ్ 50 అని రాసి పక్కన చుక్క పెట్టడం మరిచాడు. ఆ యంత్రంలో చుక్క లేని అంకెను మైక్రాన్లుగా లెక్కిస్తారు. పనిముట్టు 50 మిల్లీమీటర్లకు బదులు 0.05 మిల్లీమీటరు లేచి, ఆ ఎత్తులోనే పరుగు తీసి, పలకను పట్టి ఉంచిన బిగింపును గుద్దుకొన్నది. పనిముట్టు ముక్కలు, పలక వ్యర్థం. యజమాని రెండు నెలల జీతంలో కోసుకొన్నాడు.

"మీరు యాదికొచ్చిండ్రు సార్ ఆనాడు" అన్నాడు.

నాకు వెంటనే తట్టలేదు. తట్టినప్పుడు కుర్చీ కావాలనిపించింది. 1994లో పదో తరగతి. ఈ పిల్లవాడు సున్నలు రాసేవాడు కాదు. 'వంక' అన్నది 'వక', 'పండుగ' అన్నది 'పడుగ'. చేతిరాత కొలిమిలోంచి తీసిన ఇనుములా వంకరగా ఉండేది. సున్నకు ఒక దెబ్బ చొప్పున లెక్కపెట్టి అరచేతి మీద కొట్టేవాణ్ణి. ఒకనాడు ఇరవై దాటాయి. అంతటితో ఆగక, ఈ చేతితో నీకు రాత రాదు, పోయి మీ నాయన తిత్తి ఊదుకో అని తరగతి అందరి ముందూ అన్నాను. ఆ సంవత్సరం తెలుగులో తప్పాడు. తెలుగులోనే! ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదే తండ్రి కొలిమి కూడా చల్లబడింది. ట్రాక్టర్లు వచ్చిన తరువాత కర్రు కాల్పించుకొనేవారెవరు? మరుసటి ఏడు పాసై ఐటీఐలో మెషినిస్టు చేసి, బాలానగర్‌లో కొన్నాళ్ళు సీఎన్సీ నేర్చాడు. డిప్లొమాలో చేరుదామంటే అప్పటికి ఇంట్లో డబ్బు లేదు. తప్పకుండా ఉంటే నాయన చేతిలో ఇంకా పని ఉన్నప్పుడే చేరి ఉండేవాడినేమో అని మామూలుగా, నిందించకుండా అన్నాడు. ఆ మామూలుతనమే నాకు తట్టుకోలేనిదైంది.

ఏమనాలో తెలియక ఆ చేతిని తీసుకొని చూశాను. పలక అంచును వేలితో తడిమి, గ్రైండింగుకు ఇంకా రెండు మైక్రాన్లు ఉన్నదని చెప్పి, తరువాత కొలమానంతో కొలిచి నాకు చూపించిన చేయి అది. రెండున్నర వచ్చింది. యంత్రం అంకెల ప్రకారమే నడుస్తుంది గదా, ఇక చేతితో ఏమి పని అని అడిగాను. పనిముట్టు కొస అరుగుతూ ఉంటుందట, ఎండాకాలం మధ్యాహ్నం లోహం ఉబ్బుతుందట, చప్పుడు మారితే ఆపాలట. వాళ్ళ నాయన కూడా ఇనుము రంగు చూసి, నీళ్ళలో ముంచినప్పటి చప్పుడు విని పదును చెప్పేవాడు. ఇది నేను వెతికి తెచ్చిన పోలిక కాదు, అతనన్నదే.

పోయే ముందు నా పిచ్చి ప్రశ్న ఒకటి వేశాను, మాత్ర మీద తెలుగు అక్షరం పడుతుందా అని. అతను గట్టిగా నవ్వాడు. ఆంగ్లంలో ఏ, బీ, ఓ, అంకెల్లో 6, 8 వంటివే తలనొప్పట. అక్షరం లోపల మూసుకొన్న గడి ఉంటే పొడి అందులో ఇరుక్కొని, పంచ్ లేచేటప్పుడు మాత్ర ముఖాన్ని పెరుక్కొని పోతుంది. దీన్ని పికింగ్ అంటారు. మన లిపిలో గడి లేని అక్షరం ఎక్కడున్నది? అ, ఆ నుండి మొదలు పెట్టి ఠ దాకా అన్నీ గుండ్రాలే, ఠ అయితే గుండ్రంలో చుక్క కూడా. "సున్ననే అసలు శత్రువు సార్" అన్నాడు. ఇద్దరం నవ్వుకొన్నాం, నేను కొంచెం తక్కువగా.

వారం తరువాత ఆదివారం మా ఇంటికి వచ్చాడు. వ్యర్థమైన అల్యూమినియం ముక్క మీద 'మా', 'త్ర', 'ఠ', ఒక సున్న తిరగేసి ఉబ్బెత్తుగా చెక్కి తెచ్చాడు. మా ఆవిడను అడిగి కొంచెం బియ్యపు పిండి గట్టిగా తడిపించాను. అదిమి లేపితే 'త్ర' బాగానే దిగింది. 'మా' లో కొంత చెదిరింది. 'ఠ' మాత్రం నడుమ చుక్కతో సహా లోహానికే అంటుకొని, పిండి మీద చిన్న గొయ్యి మిగిలింది. సున్న లోపలి పిండి కూడా అలాగే ఊడి వచ్చింది. సూదితో తీయవలసి వచ్చింది. మందులవాళ్ళు ఇలాంటప్పుడు ఏం చేస్తారని అడిగితే, పంచ్ మీద ఆ గడి లోతును ముందే కొంత తగ్గించి చెక్కుతామన్నాడు. అక్షరం చదవడానికి తెలుస్తుంది గాని పొడి ఇరుక్కోదట.

నిన్న ఫోనుకు బొమ్మ పంపాడు, కొత్తగా గీసినది. కింద రాసినది ఇది: "సార్ సున్న లోపల లోతు తగ్గిచ్చిన, ఠ గూడ మార్చిన, ఆదివార వస్త, పిడి తయారు వెట్టుడ్రి." ఎన్ని సున్నలు తక్కువైనాయో మీరే లెక్కపెట్టండి. నేను, సరే బిడ్డా రా, అని మాత్రం జవాబిచ్చి, పిండి సంగతి లోపల చెప్పాను.